సారవ్వ వంటింట్లో కెమెరా

పాత ధోవతి చింపిన మెత్తని ముక్కతో యేసుదానం లెన్సు తుడుస్తున్నాడు. గోదావరిఖనిలో ఈ పని తెల్లారగానే చేయాల్సిందే. రాత్రి ఎంత బాగా మూత పెట్టి పడుకున్నా, పొద్దున్నకల్లా బొగ్గుపొడి ఎక్కడి నుంచో దూరి పలచగా పరుచుకుని ఉంటుంది. ఊదాడు, తుడిచాడు, వెలుతురుకేసి ఎత్తి చూసి మళ్లీ ఊదాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. కెమెరా నల్లగుడ్డ కింద వంగీ వంగీ నడుం కాస్త ముందుకు ఒరిగింది. వేళ్ల చివర్లు ఫోటోలు కడిగే మందుకు గోధుమరంగు తిరిగాయి, ఎంత తోమినా పోవు. చర్చిలో రొట్టె అందించేటప్పుడు పాస్టరుగారు ఆ వేళ్లు చూసి ప్రతిసారీ కొంచెం తటపటాయిస్తాడు.

గోడ అవతల గిన్నెలు మూట కడుతున్న చప్పుడు వినిపిస్తోంది. సారవ్వ ఇవాళ మధ్యాహ్నం బస్సుకు కాసిపేట వెళ్లిపోతోంది. కూతురి దగ్గరికి, ఇక తిరిగి రాకుండా. ఈ ఊళ్లో సగం ఇళ్ల గోడలకు వేలాడే ఫోటోలు ఆమె వంటింట్లోంచి తీసినవే. వాటిలో ఒక్కదానిలోనూ ఆమె లేదు. కనీసం ఒక్క ఫోటో అయినా తీసి చేతిలో పెట్టకపోతే ఇన్నేళ్లూ తాను ఏం తీసినట్టని, ఆమె ప్రయాణం మాట విన్నప్పటి నుంచి యేసుదానానికి అన్నం సయించడం లేదు.

అడగలేదని కాదు. నిన్న కూడా అడిగాడు.

"ఒక్కసారి వచ్చి ఈ కుర్చీల కూసో అక్కా."

"ముంగట కూసునుడు నాకు రాదు తమ్మీ. ఎనక నిలబడుడే అలవాటైంది," అని కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆమె కాదంటే కాదే.

ఇక్కడ గనులు కొత్తగా తెరిచిన రోజుల్లో యేసుదానం ఈ స్టూడియో పెట్టాడు. స్టూడియో అంటే ఆగయ్య కట్టించిన వరుస గదుల్లో ఒకటి. ఇద్దరు కూర్చుంటే సరిపోతుంది. నలుగురు నిలబడితే చివరివాళ్ల భుజాలు తెగిపోతాయి. వెనక్కి జరుగుదామంటే వీపుకు గోడ. గనిలో కొలువు దొరికినవాడు ఫోటో దిగాలంటే ఒక్కడే వస్తాడా? అమ్మా నాన్నా, అన్నదమ్ములు, ఊరి నుంచి చూసిపోదామని వచ్చిన మేనత్త, ఆమె చంకలో పిల్ల, అందరూ వస్తారు.

హైదరాబాదు నుంచి ఫోటో కాగితాలూ మందులూ తెచ్చే లింగమూర్తి వచ్చినప్పుడల్లా యేసుదానం ఒకటే మాట చెప్పేవాడు. "దగ్గర నిలబడ్డా అందర్ని చూసే లెన్సు కావాలె. అట్లని చివర్ల ఉన్నోళ్ల మొకాలు సాగొద్దు. ఆ కంపెనోళ్లకు జర చెప్పు."

లింగమూర్తి ఒకసారి ఏదో వెడల్పు లెన్సు పరీక్షకని తెచ్చాడు కూడా. అందరూ పట్టారు గానీ, చివర నిలబడ్డ ముసలమ్మ ముఖం గుమ్మడికాయలా పక్కకు సాగింది. ఆమె ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇది నేను గాదు, మా వియ్యపురాలు," అని తిరిగి ఇచ్చేసింది. ఆ తర్వాత యేసుదానం కోరికలు పెరిగాయే తప్ప తగ్గలేదు. షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చినా కళ్ల అంచున మిగిలే బొగ్గుగీతను చూడని లెన్సు కావాలన్నాడు. రెప్ప కొట్టబోయేవాణ్ని ముందే కనిపెట్టే లెన్సు కావాలన్నాడు. లింగమూర్తి అన్నింటికీ తలూపి, చాయ్ తాగి, చెప్తానని వెళ్లేవాడు. ఏ కంపెనీకీ ఆ కబురు అందినట్టు లేదు.

అందింది పక్క గదిలో ఉండే సారవ్వకు. భర్త జ్వరంతో పోయాక షిఫ్టులకు వెళ్లే ఒంటరి మగవాళ్లకు అన్నం వండిపెట్టి బతికే మనిషి. ఒకరోజు యేసుదానం ఓ కుటుంబాన్ని రెండు ఫోటోలుగా విడగొట్టబోతే, విడిపోవడం అపశకునమని వాళ్లు గొడవపడుతున్నారు. ఆమె గంటె చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గోడకు బొక్క కొట్టు. నా ఇంట్ల నిలబడి తియ్యి," అంది.

కొట్టాడు. ఛాతీ ఎత్తులో చిన్న కిటికీ అయింది. ఆగయ్య కిరాయి వసూలుకు వచ్చిన రోజు ఆవైపు సారవ్వ చేట వేలాడదీసేది, ఈవైపు యేసుదానం ప్రభువు పటం తగిలించేవాడు. ఇన్నేళ్లలో ఆగయ్యకు తెలియలేదో, తెలిసీ ఊరుకున్నాడో ఆ ప్రభువుకే తెలియాలి.

అప్పటి నుంచి పెద్ద కుటుంబం వచ్చిందంటే గోడ మీద తట్టడమే. సారవ్వ ఉడికేది ఉడికినట్టే దించి, పాత బకెట్టులో కట్టిన బొగ్గుల పొయ్యిని తడిగుడ్డతో పట్టి, నిప్పులతో సహా ఎత్తుకెళ్లి పెరట్లో పెట్టేది. లేకపోతే పొగ కిటికీలోంచి వచ్చి ఫోటోకు అడ్డం పడుతుంది. తర్వాత కెమెరా పక్కన నిలబడి గంటెతో కిటికీ చట్రం మీద టకటకా కొట్టేది. ఏడ్చే పిల్లలు కూడా నోరు తెరుచుకుని అటే చూసేవారు. అందుకే ఈ ఊరి ఫోటోల్లో పిల్లల చూపు కెమెరా మీద ఉండదు, కొంచెం పక్కకు ఉంటుంది. కెమెరా వెనక గాజుపలక మీద అందరూ తలకిందులుగా కనబడతారు గదా, నల్లగుడ్డ ఎత్తి తానూ ఒకసారి తొంగిచూసి, "అందరొచ్చిండ్రా?" అని అడిగితే గానీ ఆమెకు తృప్తి ఉండేది కాదు.

పొద్దెక్కాక సదయ్య కుటుంబం వచ్చింది. ఎన్నో ఏళ్లు గనిలోకి దిగిన మనిషి నిన్ననే ఆఖరి డ్యూటీ చేశాడు. మెడలో వాడిన బంతిపూల దండ అలాగే ఉంది. భార్య పూలమ్మ, కొడుకులు, కోడళ్లు, కాసిపేటలో ఇచ్చిన చిన్న కూతురు, ఆమె బిడ్డలు. గది నిండిపోయింది. యేసుదానం గోడ తట్టబోయి ఆగాడు. ప్రయాణం పెట్టుకున్న మనిషిని ఇవాళ కూడానా అనిపించింది. ఈలోగా అవతల బకెట్టు పిడి చప్పుడైంది. అడుగుల సందడి విని ఆమే పొయ్యి ఎత్తుతోంది.

కెమెరా వంటింట్లో నిలిచింది. ఎదుటి గోడకు, రాజమహలు మెట్లు గీసిన తెర పక్కన, జనం తల దువ్వుకునే నిలువుటద్దం ఉంది. పెద్ద ఫోటో తీసేటప్పుడు దాని మీద గుడ్డ కప్పుతాడు. లేకపోతే అద్దంలో కిటికీ, కిటికీలో కెమెరా పడతాయి. కప్పాడు. ఫోటో తీశాడు. గుడ్డ జారిందేమోనని మళ్లీ ఆ అద్దం వైపు చూసినప్పుడు తట్టింది అతనికి.

స్టూడియోలోకి వెళ్లి పూలమ్మ చెవిలో ఏదో చెప్పాడు. ఆమె కిటికీకేసి ఒకసారి చూసింది.

"తియ్యి అన్నా," అంది మెల్లగా. "ఆమె పెట్టిన అన్నం మా పెద్దోడు గూడ తిన్నడు."

అద్దం మీది గుడ్డ లాగేసి, "చిన్నోడు రెప్ప కొట్టిండు, ఇంకొక్కటి," అన్నాడు యేసుదానం పైకి. దగ్గరున్నవాళ్లూ దూరాన ఉన్న అద్దమూ రెండూ తేటగా రావాలని లెన్సు రంధ్రం బాగా చిన్నది చేశాడు. అప్పుడు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆమె కదిలితే అంతా అలుక్కుపోతుంది. కదలకని చెప్పడానికి లేదు, చెబితే తప్పుకుంటుంది.

సారవ్వ గంటె కొట్టింది. పిల్లలు చూశారు. "ఊపిరి బిగవట్టుండ్రి," అన్నాడు, ప్రార్థన చేసినట్టు.

వాళ్లు వెళ్లాక చీకటిగదిలోకి దూరాడు. నెగెటివు ఫ్యాను కింద ఆరిందో లేదో, కాగితం మీదికి పెద్దది చేసి మందు పళ్లెంలో వేశాడు. ఎర్రబల్బు కింద కాగితం ఇంకా తెల్లగానే ఉంది. అప్పుడే తలుపు బయట గొంతు వినిపించింది.

"తమ్మీ, పోయొస్త."

"అక్కా, జర ఆగు. కాగితం మందుల ఉన్నది."

"తలుపు తియ్యకు, కరాబైతది. నాకెర్కలేదా. రిక్షా వచ్చి నిలబడ్డది."

పళ్లెంలో ముందు సదయ్య దండ వచ్చింది. తర్వాత పిల్లల కళ్లు.

"అక్కా, నీ పుణ్యాన బతికిన," అన్నాడు తలుపుతో. ఎన్నేళ్లుగానో గొంతులో ఉన్న మాట, బయటికొస్తే ఇంత చిన్నదిగా ఉంది.

"నా పొయ్యి పుణ్యాన అను," అని నవ్విందామె. "పొద్దుగాలటి దాంట్ల అందరొచ్చిండ్రా?"

అద్దంలోని కిటికీ తేలింది. నల్లగుడ్డ కింద తన వీపు గూను. పక్కన గంటె ఎత్తిపట్టుకుని సారవ్వ. ముఖం రేగుపండంత కూడా లేదు గానీ, ముక్కుపుడకతో సహా తేటగా వచ్చింది. పెదాలు బిగించి, బుగ్గలు నింపి ఉంది. ఇన్నేళ్లూ వాళ్లందరితో పాటు తనూ ఊపిరి బిగబట్టేదన్నమాట. అతను నల్లగుడ్డ కింద ఉండి ఏనాడూ చూడలేదు.

"అందరొచ్చిండ్రక్కా," అన్నాడు. "ఒక్కలు గూడ తప్పిపోలే."

"అయితే మంచిది," అందామె. చెప్పుల చప్పుడు, తర్వాత రిక్షా గంట.

కాగితం కడిగి బయటికి వచ్చేసరికి వీధిలో ఎవరూ లేరు. ఫోటో ఆరాక సదయ్య చిన్న కూతురికి ఇస్తే కాసిపేటలో చేరుస్తుంది. తడి కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూశాడు. తాను అడిగిన లెన్సును ఆ కంపెనీవాళ్లు చేసి ఉంటే ఈ గోడ గోడలాగే ఉండేది. చేయనందుకు, తన కోరిక తీర్చనందుకు, ఎక్కడున్నారో తెలియని ఆ మనుషులకు మనసులో దండం పెట్టుకున్నాడు.

ఫోటోను తీగకు తగిలించి కిటికీ దగ్గరికి వెళ్లాడు. వంటిల్లు అలికి ఉంది, మూటలతో పాటు పొయ్యి కూడా వెళ్లిపోయింది. కిటికీ గట్టు మీద, అతనికి చేయి అందేంత దగ్గరగా, తోమిన ఇత్తడి గంటె మాత్రం ఉంది. చట్రానికి కొట్టీ కొట్టీ దాని అంచు ఒకవైపు సొట్టపోయింది.