క్లచ్ కాల్చినవారు

“ఎవరండీ నడిపేది?” అని అడిగాడు మెకానిక్ ముసలయ్య, విప్పిన క్లచ్ ప్లేటుని మా ముందు పట్టుకుని. వాసనతో సహా మాడిపోయిన అట్టులా ఉందది. కొవ్వూరులో అతని షెడ్డు ముందు మా ఆయన ఐజాక్, మా అమ్మాయి దీవెన, నేను నిలబడి ఉన్నాం. “ఎడమ కాలు క్లచ్ మీదనుంచి తియ్యనివాళ్ళకి కారు కాదండీ, కుట్టుమిషను కొనివ్వాలి,” అన్నాడు. ముసలయ్య పిల్లలిద్దరికీ లెక్కలు చెప్పింది మా ఆయనే. ఆయన జేబులోంచి ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఫోన్ మోగలేదు.

“నేనేనండీ,” అన్నాను.

అబద్ధం. నాలుగు నెలలుగా నేను స్టీరింగు ముట్టుకోలేదు. పీఎఫ్ లోను పెట్టి ఈ తొమ్మిదేళ్ళ చిన్న కారుని కొన్నది నేను, ధవళేశ్వరంలో నా ఇరిగేషన్ ఆఫీసుకి ఏడాదిన్నర నడుపుకుంటూ వెళ్ళింది నేను. జూన్‌లో వానలు పడగానే మా ఆయన, స్కూటరు మీద రాజమండ్రిలోని బడికి వెళ్తే తడిసి జలుబు చేస్తోంది, కొన్నాళ్ళు కారు ఇవ్వమన్నారు. బస్టాపులో నిలబడేవాళ్ళు తడవరు కాబోలు, ఇచ్చేశాను. రైలు వంతెన ఎక్కేచోట బళ్ళు ఆగితే ఆయన బ్రేకు వెయ్యరు, కారుని క్లచ్ మీదే నిలబెడతారు. ఆదివారాలు గుడికి వెళ్ళేటప్పుడు పక్కన కూర్చుని ఒకటి రెండుసార్లు చెప్పాను. “నువ్వు నాకు నేర్పుతావా?” అన్నారు. లెక్కల మాస్టారికి లెక్కలేనితనం నేర్పక్కర్లేదని నాలో నేనే నవ్వుకుని ఊరుకున్నాను. నా నవ్వులన్నీ అలాంటివే. పైకి పటాసులు, లోపల తుస్సు.

కొన్నప్పటినుంచీ ఆ కారు మీద జోకులు వేసి ఆఫీసులో అందర్నీ నవ్వించేదాన్ని. కారు అన్నాక కారకుండా ఉంటుందా అనేదాన్ని. ముందు కూలెంటు కారింది, తర్వాత ఇంజనాయిలు కారింది, రెండింటితోపాటు నా జీతం కారింది. ఏసీలో గ్యాసు పోయింది, బ్యాటరీ చచ్చిపోయింది, గోతుల్లో పడి పడి సస్పెన్షన్ పోయింది. ఉద్యోగికి సస్పెన్షనైతే సగం జీతమైనా చేతికొస్తుంది, కారుకి సస్పెన్షన్ పోతే ఉన్న సగమూ పోతుందని చెప్తే మా సూపరింటెండెంటు గారు కూడా పొట్ట పట్టుకున్నారు. ప్రతిసారీ రిపేరుకి డబ్బు నాది, దగ్గరుండి చేయించారన్న పేరు ఆయనది. క్లచ్‌కి సెట్టూ కూలీ కలిపి ఏడు వేల రెండు వందలు. అదీ నా ఫోన్‌లోంచే కట్టాను. తప్పు నాదని ఒప్పుకున్నాక డబ్బు మాత్రం ఎవరు కడతారు.

ఎందుకన్నాను ఆ మాట? ఎవరూ అనమనలేదు, ఆయన సైగ కూడా చెయ్యలేదు. కూరలో ఉప్పెక్కువైతే నేనేనండీ, కరెంటు బిల్లు పెరిగితే నేనేనండీ, ఆఫీసులో పెద్దాయన ఫైలెక్కడో పెట్టి మరిచిపోయినా వెతకడానికి నేనేనండీ. ఇరవై రెండేళ్ళుగా ఆ మాట నా నోట్లో న్యూట్రల్లో నిలబడి ఉంది, ఎవరు కాస్త తోసినా కదిలిపోతుంది. మొగుడి పరువు కాపాడాననుకున్నాను. దీవెన నా వంక తిరిగింది. కోపంగా చూడలేదు. ముసలయ్య చేతిలోని ప్లేటుని ఎలా చూసిందో నన్నూ అలాగే చూసింది.

ఇంటికొచ్చాక ఆయన ఆ అబద్ధాన్ని నమ్మడం మొదలుపెట్టారు. అది నేను ఊహించలేదు. “ఇక కారు సంగతి నేను చూసుకుంటాలే తబితా, నీ చేతికిస్తే ఇంజను కూడా మిగలదు,” అన్నారు, చాలా ప్రేమగా. అత్తయ్య దేవకుమారి గారు అందుకున్నారు. “గ్రైండరు కాల్చావు, కారు కాల్చావు. దానికి కూడా నేర్పి ఇంకోటి తగలెయ్యకు.” దసరా సెలవుల్లో దీవెనకి డ్రైవింగు నేర్పుతానని నేను మాటిచ్చిన సంగతి అలా తేలిపోయింది. నేనేం చేశాను? “నాకు క్లచ్ కన్నా లంచ్ బాగా వచ్చులెండి,” అన్నాను. అందరూ నవ్వారు. దీవెన పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ జోకు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అత్తయ్య గారు పాస్టరు అయ్యగారిని కారు దగ్గరికి తీసుకొచ్చారు. మా గుడిలో కొత్త బండికే కాదు, దెబ్బతిని బాగుపడిన బండికీ ప్రార్థన చేయిస్తారు. జరిగిందంతా ఆవిడే చెప్పారు. గుడి ఆవరణలో పదిమంది చుట్టూ నిలబడ్డారు, ఆడవాళ్ళం ముసుగులు సర్దుకున్నాం. అయ్యగారు బానెట్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నారు.

“ప్రభువా, మీ బిడ్డ తబితకు ఈ వాహనం విషయంలో వివేకం దయచేయండి. ఆమె కాళ్ళూ చేతులూ మీ అదుపులో ఉంచుకోండి. ఇంటి యజమానుడైన ఐజాక్ గారికి ఓర్పు అనుగ్రహించండి.”

అందరూ ఆమేన్ అన్నారు. మా ఆయన కూడా అన్నారు, కాస్త గట్టిగానే. ముసలయ్యకి అబద్ధం చెప్పాను, ఇంట్లోవాళ్ళకి చెప్పాను, చివరికి దేవుడికి కూడా తప్పుడు అడ్రసు ఇచ్చానన్నమాట. తలెత్తుకోలేక చున్నీ అంచు చూస్తున్నాను. అప్పుడు నా పక్కనుంచి ఇంకొక ఆమేన్ వినబడింది.

దీవెనది. నిజం తెలిసిన పిల్ల. గొంతులో విసుగు లేదు, ఎగతాళి లేదు. నేను షెడ్డులో ఎంత మెత్తగా అన్నానో అంత మెత్తగా అంది. నేర్చేసుకుంది. డ్రైవింగు నేర్పలేదు గానీ, ఇది నేర్పేశాను.

“అయ్యగారూ, ఆ ప్రార్థన మళ్ళీ చెయ్యాలండి,” అన్నాను. నా గొంతు నాకే సన్నగా వినబడింది. నేనేదో జోకు వేయబోతున్నానని ఇద్దరు ముగ్గురు అప్పుడే నవ్వుముఖాలు పెట్టారు. మా ఆయన “తబితా,” అన్నారు. ముఖం కాలిపోతోంది, అయినా ఆపలేదు.

“క్లచ్ కాల్చింది నేను కాదండీ. నేనేనని అబద్ధం చెప్పాను, మా అమ్మాయి ముందు. ముందు ఆ అబద్ధానికి ప్రార్థన చెయ్యండి. రేపటినుంచి తను నా పక్కన కూర్చుని నేర్చుకుంటుంది, దానికీ చెయ్యండి. క్లచ్ సంగతి ఆయన చెప్పుకుంటారు.”