కంప్యూటరుకు పెట్టిన బొట్టు

పుంగనూరులో అక్కమ్మ పిండిమర ఎరుగని ఇల్లు లేదు. భర్త పోయాక ఒంటిచేత్తో నడిపిన మర అది. కొడుకు మునికృష్ణ పుట్టకముందు బిగించిన మోటారు ఇంకా తిరుగుతోందంటే, అదంతా ఏటేటా ఆయుధపూజ నాడు తాను చేసే సేవ మహిమేనని ఆమె నమ్మకం. మెకానిక్ మారప్ప వచ్చి బేరింగులు మార్చిపోతుంటాడు కదా అని ఎవరైనా నోరు జారారో, ఆ రోజు వాళ్ళ జొన్నపిండి కాస్త గరుకుగా పడేది.

కోడలు రేవతిది మదనపల్లె. నీరుగట్టువారిపల్లె మగ్గాల మధ్య పుట్టిన పిల్ల. పట్టుచీరల అంచులకు కంప్యూటరు మీద డిజైన్లు గీస్తుంది, ఆ గీతల్ని బట్టే మగ్గానికి తగిలించే అట్టలకు చిల్లులు గుద్దుతారు. కాపురానికి వచ్చేటప్పుడు ఆమె వెంట బీరువా రాలేదు, కంప్యూటరు వచ్చింది. అదీ ఆషామాషీది కాదు. బెంగళూరులో ఏదో పెద్ద ఆఫీసువాళ్ళు వదిలించుకుంటుంటే కొన్న వర్క్‌స్టేషన్. ఎత్తాలంటే నడుము పట్టేసేంత బరువు. దానికి మెమరీ పెంచడం, ఇంకో హార్డ్‌డిస్క్ బిగించడం రేవతి తానే చేసుకుంది. పక్కన ఒక పిడి ఉండేది. లాగితే చాలు, తలుపు మొత్తం ఊడి చేతికొచ్చేది. కొంప ముంచింది ఆ పిడే.

రెండువేల ఆరులో ఆయుధపూజ నాటికి రేవతి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. ఆ రోజు పొద్దున్నే ఆమె డిజైను పని మీద మదనపల్లె వెళ్ళింది. అక్కమ్మ మోటారు కడిగి, పసుపు పూసి, కొడవలికి, కత్తిపీటకు, కొడుకు మోపెడ్‌కు బొట్లు పెట్టింది. ఇన్నిటికి పెట్టి పిల్ల పనిముట్టును వదిలేస్తే ఎట్లా అనిపించింది. పిడి లాగి చూస్తే లోపల పచ్చటి పలక మీద చిన్న ఫ్యాను. ఓహో, దీని మోటారు ఇదన్నమాట అనుకుని మురిసిపోయి, పసుపు నీళ్ళలో ముంచిన బొటనవేలు దాని మీద గట్టిగా ఒత్తింది. కుంకుమ పెట్టింది. నాలుగు చుక్కలు చల్లి, కర్పూరం వెలిగించి, తలుపు మూసి దండం పెట్టుకుంది.

సాయంత్రం రేవతి వచ్చి స్విచ్ వేసింది. చిటుక్కుమంది. కాలిన వాసన గుప్పుమంది. తెర నల్లగా ఉండిపోయింది.

కాలింది తెర మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు. రేవతి తలుపు తీసి, పసుపు చూసి, అత్త ముఖం చూసి, ఏమీ అనకుండా తలుపు మూసేసింది. నాలుగు తిట్టినా బాగుండేది. అక్కమ్మకు ఆ రాత్రి ముద్ద దిగలేదు.

వాకబు చేస్తే, కంపెనీ ఆ రకం కార్డు చేయడమే మానేసిందట. ఎక్కడో బెంగళూరులో ఒకటి ఉందిగానీ, దాని ధరకు ఇంకో కంప్యూటరే వస్తుందట. రేవతి మేనమామ వెంకటముని ఫోన్ చేశాడు. మగ్గాల చప్పుడులో బతికిన మనిషి కదా, ఆయన గొంతు వీధి చివరికి వినపడుతుంది.

"ఆ మిషన్ను ఆడే పారేసి ఈడికి వచ్చెయ్ రేవతమ్మా. నా కంప్యూటర్ ఖాళీగా ఉండాది. ఈడే ఉండి పని చేసుకో. ఆదివారం పూట పుంగనూరు పోయి వస్తాండు."

"సూస్తాను మామా" అంది రేవతి. కుదరదని అనలేదు.

వంటింట్లో అక్కమ్మకు ఆ మాటలన్నీ వినపడ్డాయి. మర దగ్గరి నుంచి ఒళ్ళంతా పిండితో వచ్చే తనకోసం కంచం పెట్టి కూర్చునే మనిషి ఇన్నేళ్ళలో ఈ పిల్ల ఒక్కతే. మునికృష్ణ టమోటా మండీకి తెల్లవారకముందే పోతాడు, వచ్చి పడుకుంటాడు. ఈ పిల్ల పోతే ఇంట్లో మళ్ళీ మోటారు శబ్దం ఒక్కటే మిగులుతుంది. పంపించుకుంటున్నది తన చేతులారా తానే.

రేవతి మదనపల్లె ప్రయాణం పెట్టుకోలేదు. ముందు కుప్పం పోయి చూస్తానంది. ఆమెతో పాలిటెక్నిక్ చదివిన సిద్ధార్థ అక్కడ ఒక కాలేజీ ల్యాబులో పని చేస్తున్నాడు. మామూలు కంప్యూటర్లలో వేసే కార్డునే దీంట్లో పని చేయించవచ్చు, కంపెనీ వాళ్ళు ఒప్పుకోరు గానీ ప్రయత్నిద్దాం, తీసుకురమ్మన్నాడట.

"నేనూ వస్తాను" అంది అక్కమ్మ.

"మీరు యాల అత్తమ్మా? పలమనేరులో బస్సు మారాల."

"పాడు చేసింది నేను. మోసేది నేను గాక ఇంకెవురు?"

బస్సులో ఆ పెట్టెను దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కండక్టరు "పిల్లోడు నిద్రపోతాండాడా?" అని అడిగితే, ఔనని తల ఊపింది. తొడలు మొద్దుబారిపోయినా కుప్పం దాకా రేవతికి ఇవ్వలేదు.

సిద్ధార్థ తలుపు తీసి, కాలిన కార్డు బయటికి లాగి, పకపకా నవ్వాడు.

"దీనికి అభిషేకం చేసిండేది ఎవురు?"

అక్కమ్మ తల దించుకుంది.

"పూజ చేసుకున్న్యాంలే మేము. నీ పని నువ్వు సూడు" అంది రేవతి.

అక్కమ్మ చటుక్కున తలెత్తి కోడలి వైపు చూసింది. రేవతి దీక్షగా స్క్రూలు లెక్కపెట్టుకుంటోంది.

సిద్ధార్థ మామూలు కార్డు ఒకటి బిగించాడు. దానికి కరెంటు చాలక హార్డ్‌డిస్క్ వైరులోంచి పాయ లాగాడు. ఏవో డ్రైవర్లు ఎక్కించాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఇది కంపెనీ కార్డు కాదు గదా, మిషను దీన్ని ఎరగదు. పూర్తిగా లేచినాకనే గుర్తుపడ్తాది. అందాక తెర నల్లగానే ఉంటాది. బయపడి ఆపెయ్యద్దు."

స్విచ్ వేశాడు. తెర నల్లగా ఉంది. ఎంతసేపు చూసినా నల్లగానే ఉంది. అక్కమ్మ రేవతి చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు ఆమెకే తెలియదు. ఏ బెల్టు ఎప్పుడు తెగుతుందో శబ్దాన్ని బట్టే చెప్పగల మనిషి, చెవి ఆ పెట్టె దగ్గర పెట్టింది.

"తిరగతానే ఉండాదమ్మా" అంది గుసగుసగా.

ఉన్నట్టుండి వెలుగు. రేవతి ఫైలు తెరిచింది. సగం గీసిన చీర అంచు, మామిడి పిందెలతో సహా తెర నిండా పరుచుకుంది. అక్కమ్మకు ఏడుపు ఆగలేదు.

"ఇంక మదనపల్లెకు పోవు గదమ్మా నువ్వు?"

"ఈ డిజైను మామకు ఇచ్చి రావాల గదా అత్తమ్మా." ఆ ముఖం చూసి రేవతి చప్పున అంది. "పొద్దున పోయి సాయంత్రం బస్సుకు వచ్చేస్తా."

ఆ తర్వాత అక్కమ్మ ఆ గదిలో అడుగు పెట్టలేదు. రోజూ పొద్దున రేవతి స్విచ్ వేసే వేళకు గడప ఇవతల నిలబడేది. తెర వెలిగాక గట్టిగా ఊపిరి వదిలి మర దగ్గరికి పోయేది. రమ్మని పిలిస్తే, నా చెయ్యి మంచిది కాదులే అనేది.

మళ్ళీ ఆయుధపూజ వచ్చింది. మోటారు, కొడవలి, కత్తిపీట, మోపెడ్ అన్నీ అయ్యాయి. అక్కమ్మ కంప్యూటరు గది వైపు చూడకుండా పళ్ళెం లోపల పెట్టబోతుంటే రేవతి అడ్డం వచ్చింది. చేతిలో కాలిపోయిన పాత కార్డు. దాని మీద నిరుటి పసుపు, బొటనవేలి గీతలతో సహా ఎండిపోయి ఉంది.

"దీన్ని పారేసినావనుకుంటినే!"

"పారేద్దామనే తీసినా. చేతులు రాలేదు." రేవతి కార్డును పీట మీద పెట్టింది. "మా ఇంట్లో మగ్గానికి బొట్టు పెడ్తారు, అత్తమ్మా. కండెలు చుట్టే రాట్నానికీ పెడ్తారు. నన్ను మాత్రం టీవీ ముందర కూసోని ఆడుకుంటాండావు అనేవాళ్ళు. ఇది పనిముట్టని బొట్టు పెట్టింది మీరొక్కరే."

అక్కమ్మ పళ్ళెం కింద పెట్టింది. బొటనవేలు పసుపులో ముంచి పాత ముద్ర మీదనే ఆనించింది. వేలికి మిగిలిన కుంకుమ కోడలి నొసట దిద్దింది.

"రండి, ఆన్ చేద్దాం" అని రేవతి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

ఏడాదిగా దాటని గడప దాటి, అక్కమ్మ కోడలి పక్కన స్టూలు మీద కూర్చుంది. రేవతి స్విచ్ వేసింది. తెర నల్లగా ఉంది.

"లేస్తాదిలే, ఏం తొందర?" అంది అక్కమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.