కొత్త అట్ట వేసిన మందుల పుస్తకం

షీజ ఊరి గ్రంథాలయంలో తొమ్మిదేళ్ళు పనిచేసి, కోళిక్కోడులో ఒక ఆసుపత్రి గ్రంథాలయంలో చేరి ఇంకా వారమే. మధ్యాహ్నం గంజి తాగి వస్తుండగా, అందరూ ‘చేచీ’, అంటే అక్కా, అని పిలిచే పెద్ద లైబ్రేరియన్ తంకమణి ఎదురైంది.

“ఏమే పిల్లా, పారెయ్యమని మూలన పెట్టిన మందుల పుస్తకం ఏదీ?”

“పారెయ్యడమేంటి చేచీ! కుట్టి, జిగురు పెట్టి, కొత్త అట్ట వేసి బీరువాలో పెట్టాను. మా ఊళ్ళో పాత పుస్తకాన్ని అమ్మమ్మలా చూసుకుంటాం,” అని షీజ గర్వంగా నవ్వింది.

తంకమణి నవ్వలేదు. “అమ్మమ్మ తప్పు చెబితే నవ్వుకుంటాం. ఇది తప్పు చెబితే ప్రాణం పోతుంది. పసిపిల్లల ఫిట్స్ మందు మోతాదు అందులో మరీ ఎక్కువని కొత్త ముద్రణలో సగానికి తగ్గించారు. మీ లైబ్రరీ కోర్సులో ఇవేవీ చెప్పలేదా?”

షీజ బీరువా దగ్గరికి పరుగెత్తింది. పుస్తకం లేదు. రిజిస్టరులో పిల్లల వార్డు డాక్టర్ నీతు సంతకం ఉంది. వార్డుకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది గానీ ఎవరూ ఎత్తలేదు.

చెప్పులైనా వేసుకోకుండా మూడంతస్తులు ఎక్కింది. ఇంట్లో వదిలివచ్చిన పది నెలల బిడ్డ మొహమే మెట్టు మెట్టుకూ కళ్ళముందు ఆడింది. వార్డులో బల్లమీద ఆ పుస్తకం తెరిచి ఉంది. పక్కన మంచంమీద ఒక తల్లి తన పసివాడికి తువ్వాలుతో విసురుతోంది.

“డాక్టరమ్మా, ఆ మందు ఇవ్వకండి! అందులో మోతాదు తప్పు!” అని షీజ అరిచింది.

డాక్టర్ నీతు తన చేతిలోని ఖాళీ సిరంజి వైపు చూసింది.

“అరవకండమ్మా,” అంది ఆ తల్లి సంతోషంగా. “సూది వేయగానే ఏడుపు ఆపి ఎంత హాయిగా పడుకున్నాడో చూడండి.”