పారిపోవడం బాగా వచ్చినవాడు

టైర్ల గోడౌన్‌లో బావ మేనేజరు. భార్య పోరు పడలేక బావమరిదిని డిస్పాచ్ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు గాని, వాడంటే ఆయనకు మొదటినుంచీ ఒళ్లుమంట. వెటకారంగా ‘రాకెట్టు’ అని పిలిచేవాడు. కాలేజీలో ఉన్నన్నాళ్లూ రాకెట్టు పరుగు తప్ప మరో పని ఎరగడు. పోటీలకు వెళ్తే టిక్కెట్లు కోచ్ తీసేవాడు, పరీక్షలు తప్పితే లెక్చరర్లను కోచ్ బతిమాలేవాడు, బట్టలు అక్క ఉతికేది.

చేరిన వారంలోనే కొంప మునిగింది. కారు టైర్లు అమ్మే దుకాణానికి ట్రాక్టరు టైర్ల లోడు పంపించాడు. లారీ డ్రైవరు ఫోన్ చేసి తిట్లు లంకించుకున్నాడు. రాకెట్టు ఫోను బల్లమీద బోర్లించి వెనక గేటు వైపు నడిచాడు.

గేటు దగ్గర బావ పట్టుకున్నాడు. హమాలీలంతా చూస్తున్నారు.

“పరుగులో కప్పులు తెచ్చాడని మీ అక్క ఊరంతా టముకేసింది. ఇప్పుడర్థమైంది. పారిపోవడం బాగా వచ్చు నీకు!”

హమాలీలు పగలబడి నవ్వారు. రాకెట్టు విదిలించుకుని తిన్నగా కాలేజీ మైదానానికి పోయాడు.

“మీరే నన్ను చెడగొట్టారు సార్,” అన్నాడు కోచ్‌తో. “పరుగొక్కటే నేర్పారు. ఫోన్లో మనిషితో మాట్లాడ్డం కూడా రాదు నాకు.”

కోచ్ నోట్లోంచి విజిల్ తీశాడు. “నేర్పలేదా? ఓడిపోయిన రోజు గెలిచినవాడికి చెయ్యివ్వమన్నా. గోడవైపు తిరిగి కూర్చున్నావు. రిలేలో బ్యాటన్ జారవిడిస్తే, వెళ్లి మిగతావాళ్లతో మాట్లాడమన్నా. బస్సెక్కి దుప్పటి ముసుగేశావు. నీ పనులన్నీ నేను చేసిపెట్టడం నా బుద్ధితక్కువే. మొహం చాటేయడం మాత్రం నీ సొంత విద్య. ఇక పో, నా బుర్ర తినకు.”

దారి పొడుగునా కోచ్‌ను మనసులో తిట్టుకున్నాడు. ఏ తిట్టూ అతకలేదు. బస్సూ, దుప్పటే కళ్లముందు మెదిలాయి.

గోడౌన్‌కు వచ్చి డ్రైవరుకు ఫోన్ చేశాడు.

“తప్పు నాదే అన్నా. చూసుకోకుండా పంపించా.”

“నీ తప్పయితే నాకేంటి? పొద్దున్నుంచి మెతుకు లేదు నాకు!”

“ముందు తినన్నా. ఈలోగా ట్రాక్టరు షాపాయనతో మాట్లాడతా. లోడు అటు తిప్పుదాం.”

డ్రైవరు ఇంకో నాలుగు తగిలించి పెట్టేశాడు. ట్రాక్టరు షాపాయన కసిరాడు. కారు టైర్ల దుకాణదారు అంతకన్నా నాలుగాకులు ఎక్కువే చదివాడు. రాకెట్టు ఒక్కరి ఫోనూ మధ్యలో పెట్టెయ్యలేదు. సాయంత్రానికి లోడు చేరవలసిన చోటికి చేరింది.

“ఏదో ఏడ్చావులే,” అన్నాడు బావ.

“బావా, ఒక్క మాట. తప్పు చేస్తే లోపలికి పిలిచి తిట్టండి. అందరిముందూ వద్దు.”

“నాకే పాఠాలు చెప్తున్నావా?” బావ మొహం గంటు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇంట్లోనూ పలకరించలేదు.

మర్నాడు పొద్దున్నే వాణ్ణి తన గదిలోకి పిలిచాడు. తలుపు మూసి, గొళ్లెం పెట్టి, కరువుతీరా తిట్టాడు.