పాతిక నిమిషాల దూరం

రోములో అంతేలో మా ఊరికి చేసిన అన్యాయాన్ని నేను బతికుండగా మరిచిపోను. విమానాల ఆఫీసులో ఇంజనీరు అతను. మా శాన్ ఎలాదియో నుంచి త్రినిదాద్ పట్నం దగ్గరేనని తేల్చి, వారానికొకసారి వచ్చే చిన్న విమానాన్ని ఆపించాడు. ఆ మాట చెప్పడానికి వచ్చింది కూడా ఆ విమానంలోనే.

రన్‌వే పక్కన నిలబడి కాగితం చదివాడు. "గాలిలో దూరం తొంభై కిలోమీటర్లు. ప్రయాణం పాతిక నిమిషాలు. వంద కిలోమీటర్ల లోపు ఊళ్లకు సర్కారు విమానం ఇవ్వదు, ఫెర్మీన్ గారూ. మీరు దగ్గరివాళ్ల కిందకి వస్తారు."

"పాతిక నిమిషాలు దేనిలో?"

"విమానంలో."

"దాన్నేగా తీసేస్తున్నారు?"

"రూలు రూలే."

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ని. అయినా అది నాకు అర్థమైంది, అతనికి కాలేదు. మేము దూరాన్ని ఏటి వంపుల్లో లెక్కపెడతాం. పట్నానికి అరవై మూడు వంపులు. పడవలో రెండు పగళ్లు, రెండు రాత్రులు. వానాకాలంలో బండిదారి నీళ్ల కిందే ఉంటుంది. పాము కరిచిన మా తమ్ముడు విమానం ఎక్కాడు కాబట్టి బతికాడు.

"సరే, విమానం తీసుకుపోండి. నా భూమి నాకిచ్చేయండి," అన్నాను. ఆ రన్‌వే నా పచ్చిక. విమానం వస్తుందన్న మాట మీదే సర్కారుకు రాసిచ్చాను.

"రాసిచ్చింది రాసిచ్చినట్టే."

కంచె తీసి నా ముప్ఫైనాలుగు ఆవుల్నీ రన్‌వే మీదకు వదిలాను. గడ్డి బాగుంది, అవి కదల్లేదు. పైలట్ లాడెర్ రెక్క నీడలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు.

"లేచి వాటిని తోలవయ్యా," అని అంతేలో అతని మీద విసుక్కున్నాడు.

"నాకు విమానం తోలడమే వచ్చు ఇంజనీరూ. ఆవుల్ని తోలడం రాదు."

అంతేలో మూడు రోజులు మా ఇంట్లోనే అరటికాయ, ఎండుమాంసం ముద్ద తింటూ ఎదురుచూశాడు. పట్నంలో మీటింగు ఉందని నాలుగో రోజు పడవెక్కాడు.

"దగ్గరే బాబూ," అని మా ఆవిడ ఎర్లిందా ఒడ్డునుంచి కేకేసింది. "వంపులు లెక్కపెట్టుకుంటూ పోండి, ఎటూ దోమలు నిద్రపోనివ్వవు."

అతను మొదటి వంపు తిరగ్గానే ఆవుల్ని పక్కకు తోలాను. లాడెర్ ఖాళీ విమానంతో పాతిక నిమిషాల్లో పట్నం చేరాడు.

ఏటిని కళ్లారా చూశాడు కదా, మనసు మారుతుందని ఊళ్లో కొందరు అనుకున్నారు. రిపోర్టులో మళ్లీ అదే రాశాడు: తొంభై కిలోమీటర్లు, పాతిక నిమిషాలు. కింద ఇంకో ముక్క కలిపాడు: సర్కారు రన్‌వేకి అడ్డుపడ్డాడు గనుక ఫెర్మీన్ నోసాకు ఆ నేలను తిరిగి అడిగే హక్కు లేదు.

నిరుడు కంచె వేయడానికి నలుగురిని పంపారు. పడవలో వచ్చారు, వేరే దారేదీ? వాళ్లు వేసి వెళ్లారు, నేను పీకాను. మళ్లీ వేస్తే మళ్లీ పీకుతాను. ఆవులు అక్కడే మేస్తున్నాయి. కాగితం మీద మాత్రం నేను పోగొట్టుకున్నది తొమ్మిది వందల ఇరవై మీటర్ల పొడవు, యాభై మీటర్ల వెడల్పు; నాలుగు హెక్టార్ల ఆరు వేల చదరపు మీటర్లు.