గడప దాటని పిల్ల

ఉద్యోగం వచ్చినట్టే వచ్చి పోయింది. విమానాశ్రయం కార్గోలో వచ్చే పోయే సరుకును సరిచూసుకునే పని. పగటి డ్యూటీ, ఇంటికి దగ్గర. ఇంటర్వ్యూ అయింది, ఆఫర్ లెటర్ వచ్చింది, తండ్రి ముత్తయ్య గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు కూడా. ఆ తర్వాత ఒక సాయంత్రం శ్రీలత ఫోనుకి చిన్న మెయిల్ వచ్చింది. మీ పూర్వాపరాల విచారణలో తేడాలు కనబడ్డాయి, కాబట్టి ఆఫర్ వెనక్కి తీసుకుంటున్నాం అని.

"ఏం తేడాలట బిడ్డా?" అన్నాడు ముత్తయ్య. తల్లి పోయాక ఆ ఇంట్లో వాళ్లిద్దరే.

"నాకెర్క లేదు బాపు. వాళ్లు చెప్తలేరు."

నిజంగానే చెప్పలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే, విచారణ చేసేది మేం కాదు, ఏజెన్సీ, వాళ్లనే అడగండి అన్నారు. ఏజెన్సీకి చేస్తే, మాకు పని అప్పగించింది కంపెనీ, మీరెవరు, రిపోర్టు మీకెందుకిస్తాం అన్నారు. రిపోర్టంతా ఆమె గురించే, చూసే హక్కు మాత్రం ఆమెకు తప్ప అందరికీ ఉంది. పెళ్లికూతురికి తప్ప ఊరందరికీ పెళ్లికొడుకు ముఖం చూపించినట్టుంది వ్యవహారం. ఫోన్లు చేసి చేసి శ్రీలత గొంతు పోయింది. చివరికి కంపెనీ ఆఫీసులో పనిచేసే సింధూర అనే అమ్మాయికి జాలి కలిగింది.

"కొత్తూరులో నాలుగేళ్లు పనిచేశానని రాశారు కదండీ. అసలు ఎక్కడా పనిచేయలేదని మీ వీధిలోవాళ్లే చెప్పారట. వయసు కూడా కలవలేదు. నేను చెప్పానని మాత్రం ఎక్కడా అనకండి, ప్లీజ్."

ఎక్కడా పనిచేయలేదట! కొత్తూరులో మందుల కంపెనీ, ప్యాకింగ్ సెక్షన్, రాత్రి షిఫ్టు. తెల్లవార్లూ నిలబడి చేసే పని. కంపెనీ సర్దుకుని వెళ్లిపోయే దాకా శ్రీలత అక్కడే ఉంది. ఉద్యోగం పోయినందుకు ఆమెకు దిగులు వేసింది గానీ, ఈ మాటను మాత్రం సహించలేకపోయింది. పని చేయించుకున్నవాళ్లు పోయారు, చేసిన పని కూడా లేదంటే ఇక మనిషికి మిగిలేదేమిటి?

ఎవరు చెప్పారో కనుక్కోవడానికి ఆమె ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. మర్నాడు పొద్దున ఎదురింటి భారతమ్మ చీపురు పక్కన పెట్టి తానే వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఏందే శ్రీలతా, ఆ పిల్లగాని తరఫోళ్లు ఏమన్న కబురు పెట్టిండ్రా?"

"ఏ పిల్లగాడు పెద్దమ్మా?"

"గదేనే, మొన్న ఒకాయన ఫైలు పట్టుకొని వచ్చిండు. నీ గురించి మస్తు అడిగిండు. ఎన్నేండ్ల సంది ఉంటున్నరు, పిల్ల ఎట్లాంటిది, ఏం జేస్తదని. నేనూకుంటనా? పిల్ల బంగారం, గడప దాటది, కంపెనీలకు గింపెనీలకు ఎన్నడు పోలేదు, ఇరవై నాలుగు ఇంక నిండలేదని చెప్పిన. అంత రాసుకున్నడు. ఆయనకు నచ్చినట్టే ఉన్నది."

భారతమ్మను అనడానికేం లేదు. పెళ్లికాని పిల్ల గురించి కొత్తవాడొకడు వచ్చి ఆరా తీశాడంటే మన వీధుల్లో దానికి ఒకటే అర్థం. పిల్లవాడి తల్లిదండ్రులు ముందుగా రారు, ఏ దూరపు చుట్టాన్నో పంపి కూపీ లాగిస్తారు. అప్పుడు ఇరుగుపొరుగు ఏం చెప్పాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. భారతమ్మ ఆడింది రెండే. ఆ వచ్చినవాడు తానెవరో చెప్పకపోవడం, ఆమె మాటను వేదంలా రాసుకుపోవడం, దాన్ని శ్రీలతను ఒక్కమాటైనా అడగకుండా రిపోర్టులోకి ఎక్కించడం, ఈ తప్పులు వాడివి, వాడిని పంపినవాళ్లవి. కానీ ముప్పైకి దగ్గరపడ్డ శ్రీలతకు ఆ పొద్దున ఇంత ఆలోచించే ఓపిక లేదు.

"కొంప ముంచినవ్ పెద్దమ్మా," అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి ఎదురింటివైపు చూడటం మానేసింది.

ఎవరో చెబితే రాజేంద్రనగర్ కోర్టు దగ్గరి లాయరు సుమలతను వెళ్లి కలిసింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. లేని ఆశ పెట్టదు.

"దారులు లేకపోలేదండీ," అంది. "ముందు ఏజెన్సీకీ కంపెనీకీ నోటీసులిద్దాం, రిపోర్టు కాపీ ఇవ్వండి, తప్పు దిద్దండి అని. దిద్దకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. డబ్బు కట్టింది కంపెనీ, ఈమె మా వినియోగదారే కాదని వాళ్లు వాదిస్తారు. విచారణ జరిగింది ఈమె గురించి, నష్టపోయింది ఈమె అని మనం వాదిస్తాం. కమిషన్ ఏమంటుందో ముందే చెప్పలేను. పరువునష్టం కింద సివిల్ కోర్టుకి వెళ్లొచ్చు, అది ఎప్పటికి తేలుతుందో దేవుడికే తెలియాలి. మన వివరాల్లో తప్పుంటే దిద్దించుకునే హక్కు ఇస్తూ కొత్త చట్టం కూడా వచ్చింది కానీ, ఇంకా పూర్తిగా అమల్లోకి రాలేదు."

"అంటే ఎటు పోయినా నడుసుడే ఉన్నది మేడం."

"నడవడమేనండీ. మీరు పనిచేసినట్టు ఆధారాలేమున్నాయి?"

అక్కడే వచ్చింది చిక్కు. జీతం ఇచ్చింది కంపెనీ కాదు, కాంట్రాక్టరు. పీఎఫ్ కూడా అతని పేరు మీదే. కంపెనీ పేరు ఎక్కడా కనబడదు. కాటేదాన్‌లో అతని ఆఫీసుకి తాళం, ఫోన్ పనిచేయదు. ఐడీ కార్డు చివరి రోజున గేటు దగ్గరే తీసేసుకున్నారు.

"అయితే ఆ చెప్పినావిడే, తెలియక తప్పు చెప్పానని అఫిడవిట్ ఇస్తే మనకు బలం," అంది సుమలత.

శ్రీలత అడగలేదు. ముత్తయ్యే వెళ్లి అడిగి వచ్చాడు. ససేమిరా అంది భారతమ్మ.

"కోర్టు కాయితం మీద అబద్ధమాడిన్నని సంతకం పెడితే ఇగ నా మాట ఎవరు నమ్ముతరు ముత్తన్నా? సంబంధపోళ్లు ముందుగాల నా తానకే వస్తరు. గల్లీల ఇంక పెండ్లి కావాల్సిన పిల్లలున్నరు."

నోటీసులు వెళ్లాయి. కొన్నాళ్లకు ఏజెన్సీ నుంచి ఫణి అనే అతను ఫోన్ చేశాడు. వెన్నలాంటి గొంతు.

"మేడం, రిపోర్టు సరిచేసేస్తాం. మీరు ఒక్క లెటర్ ఇవ్వండి చాలు. నేను ఇచ్చిన వివరాలు సరిగ్గా లేకపోవడం వల్ల ఈ పొరపాటు జరిగింది, మీ మీద ఎక్కడా ఫిర్యాదు చేయను అని."

మొదటి కంపెనీలో ఖాళీ ఎప్పుడో నిండిపోయింది. మరో కార్గో కంపెనీ మనుషులను తీసుకుంటోంది, కానీ విచారణ అక్కడా ఈ ఏజెన్సీదే. లెటర్ ఇస్తే ఉద్యోగం, ఇవ్వకపోతే ఆ మచ్చ ఎక్కడికి పోయినా వెంటే వస్తుంది. శ్రీలత అలసిపోయింది. తప్పు నాదేనని రాసి పారేస్తే పీడ పోతుందనిపించింది. అదే మాట తండ్రితో చెప్పి, మర్నాడు లాయరు దగ్గరకు వెళ్లింది.

ఇంకా కూర్చోనైనా లేదు, వెనకాలే ఆటో ఆగింది. ముత్తయ్య, అతని వెంట ఇస్త్రీ చీర కట్టుకుని భారతమ్మ. లెటర్ సంగతి ఆమెకు చెప్పింది ముత్తయ్యే.

"తప్పు జేసింది నేనైతే, ఈ పిల్ల తన మీదెందుకు రాసుకుంటది?" అంది భారతమ్మ గుమ్మంలోనే. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చుంది. "నన్ను జైల్ల ఏస్తరా అమ్మా?"

"వేయరమ్మా. మీకు తెలిసిన నిజం చెప్పండి, నేను రాసుకుంటాను."

"రాయి బిడ్డా. ఇది నాలుగేండ్లు కొత్తూరు పోయింది. పొద్దుగూకంగ కంపెనీ బస్సెక్కేది, నేను వాకిలి ఊడ్సేయాళ్లకు దిగేది. కండ్లు ఎర్రగ ఉండేటివి. కాళ్లు వాసి, చెప్పులు చేతుల పట్టుకొని నడిసొచ్చేది. నేను చూస్తున్నని తెలిస్తే మళ్ల తొడుక్కునేది."

"ఇది చాలమ్మా," అంది సుమలత.

"ఆగు, ఇంకున్నది. వాళ్లమ్మ దవాఖానల పడ్డప్పుడు పగలంత ఆడ కూసోని రాత్రికి మళ్ల డ్యూటీకి పోయింది. దీపావళి నాడు గూడ పోయింది. అన్ని చూసిన. గందుకే ఆయన అడిగితే లేదన్న. ఆడపిల్ల రాత్రిపూట పనికి పోయిందంటే ఒక్కొక్కడు ఒక్కో తీరుగ అనుకుంటడు. గంత కష్టం చేసిన పిల్లను గట్ల అనుకుంటరని భయమైంది. గది గూడ రాయి."

సుమలత రాసింది. శ్రీలత కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. ఆ నాలుగేళ్లూ తననెవరూ చూడలేదనే అనుకుంది ఇన్నాళ్లూ. భారతమ్మ మీద కోపం పోయింది. ఆ ఫైలువాడి మీద, ఆ వెన్నలాంటి గొంతు మీద మాత్రం అది రెట్టింపైంది.

"ఆ లెటర్ నేను రాసియ్య మేడం," అంది కళ్లు తుడుచుకుని. "కేసే ఎయ్యుండ్రి."

సుమలత కలం కింద పెట్టింది. "మరోసారి ఆలోచించుకోండి. ఆ రెండో ఉద్యోగం కూడా పోవచ్చు. వాయిదాల మీద వాయిదాలు పడతాయి. ప్రతిసారీ వచ్చి గంటల తరబడి ఊరికే కూర్చోవాలి. అందరివల్లా కాదు."

"నాలుగేండ్లు రాత్రంత నిలబడ్డ మేడం. పగటిపూట కూసునుడు నాతోని కాదా?"