తల్లి డిస్కస్

రంగుచేపల కొట్టు తలుపు తీయగానే అక్క మొదట చూసేది మూల ట్యాంకునే. అందులో డిస్కస్ చేపల జంట ఉంది. పళ్లెంలా గుండ్రంగా, పలుచగా, ఎర్రటి చారలతో ఉండే చేపలు. ఏది ఆడదో ఏది మగదో చూసి చెప్పడం కష్టం. గుడ్లు పెడుతున్నప్పుడు దగ్గరుండి చూసింది కాబట్టి, వెన్ను మీది రెక్క కాస్త చీలి ఉన్నది తల్లి అని అక్కకు తెలుసు.

పిల్లలు ఈదడం మొదలుపెట్టాయి. డిస్కస్ పిల్లలకు తొలి తిండి పెద్ద చేపల ఒంటి మీదే దొరుకుతుంది. చర్మం మీద జిగురు ఊరుతుంది, పిల్లలు ఒంటికి అంటుకుని దాన్నే కొరుక్కు తింటాయి. తల్లి అలసిపోతే ఒక్కసారి ఒళ్లు విదిలిస్తుంది. పిల్లలు తండ్రి మీదికి మారతాయి.

ఇవాళ మాత్రం అన్నీ తండ్రిని పట్టుకునే ఉన్నాయి. తల్లే వాటి దగ్గరికొచ్చి, పక్కకి వాలి, ఒళ్లు చూపించింది. ఒక్కటీ కదల్లేదు.

"సిగ్గు లేదూ మీకు? కన్నదెవరు?" అంది అక్క వాటితో.

ఆ కోపం ఇంటినుంచి తెచ్చుకున్నది. అక్కకు నాలుగేళ్ల కూతురు, ముద్దుపేరు బుడంకాయ. అక్క, భర్త కొట్టు చూసుకుంటుంటే, ఇంట్లో బట్టలు కుడుతూ పాపను పెంచుతున్నది చెల్లెలు. ఆ పొద్దున అక్క దువ్వెన పట్టుకుంటే బుడంకాయ తల తప్పించుకుంది.

"నువ్వొద్దు. నువ్వు లాగుతావు. పిన్ని దువ్వుతుంది."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. పాలు తాగుతూ మళ్లీ మొదలెట్టింది.

"అమ్మా, నీకు తెలుసా? గప్పీ గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఫైటర్ చేప నీళ్ల పైకొచ్చి గాలి పీలుస్తుంది. పిన్ని చెప్పింది."

కొట్టు మూసి వచ్చాక భోజనాల దగ్గర చెల్లెలికి ఆ కబుర్లన్నీ చెప్పేది అక్కే. తన మాటలే తన కూతురి నోట, ఇంకొకరి పేరుతో వినాల్సివచ్చింది. ఒళ్లు మండిపోయింది.

"ఇవాళ్టి నుంచి ఇది నాతో కొట్టుకొస్తుంది" అంది.

కుట్టుమిషన్ ఆగిపోయింది. "అక్కా, అక్కడంతా నీళ్లూ, కరెంటు తీగలూ..."

"నా కూతుర్ని నేను చూసుకోలేనా? నువ్వు కన్నావా ఏంటి?"

చెల్లెలు తలెత్తలేదు. సూదిలో దారం ఎక్కించబోయింది, ఎక్కలేదు. "చూసుకోలేవని ఎవరన్నారే" అంది మెల్లగా.

ఇప్పుడు కొట్టులో అక్క చిన్న వల తీసుకుని తండ్రి డిస్కస్‌ను పట్టి పక్క ట్యాంకులో వేసింది. స్టూలు మీద కూర్చున్న బుడంకాయ మూతి ముడిచింది.

"నాన్న చేపనెందుకు తీసేశావ్?"

"పిల్లల్ని అమ్మ దగ్గరికి పోనివ్వట్లేదు."

"వాడేం చేశాడు? ఊరికే ఉన్నాడుగా?"

కాసేపు చెదిరి తిరిగిన పిల్లలు తల్లి ఒంటికి చేరుకున్నాయి. అది చూసి ఆమె కడుపు చల్లబడింది. అవి ఏం తింటున్నాయో కూతురికి వేలు పెట్టి చూపిస్తూ ఓపిగ్గా చెప్పింది.

పక్క కొట్టు మంగలి వచ్చాడు. "రెండు ఫైటర్లివ్వమ్మా, ఒకే గిన్నెలో వేస్తాను."

"రెండు మగవి కలిపితే రెక్కలు పీక్కుంటాయి బాబాయ్."

"ఒక్కణ్ణే పెడితే బెంగపడడూ?"

"అద్దంలో వాడి మొహం వాడికి కనిపించినా కొట్లాటకి దూకుతాడు, పిన్ని చెప్పింది" అంది బుడంకాయ. "నువ్వు నియాన్ చేపలు కొనుక్కో. అవి గుంపుగా ఉంటాయి."

"మా కొట్టు నిండా అద్దాలేనమ్మా! ఇక వాడు బతికినట్టే!" మంగలి పగలబడి నవ్వాడు. "మీ పిన్ని గట్టిదే. ఆవిణ్ణి కూడా ఇక్కడే కూర్చోబెట్టండమ్మా, బేరాలు బాగుంటాయి."

అక్క నియాన్లను సంచిలో వేసి, మూతి కాస్త గట్టిగానే బిగించింది.

ఎండ ముదిరేసరికి బుడంకాయకి చేపల మీద మోజు తీరిపోయింది. తెచ్చిన అన్నం తినలేదు. అక్క చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఒంటి చేత్తో నీళ్లు మార్చబోతే గొట్టం జారి నేలంతా మడుగయింది. "పిన్ని దగ్గరికి పోదాం" అన్న పాట మాత్రం ఆగలేదు.

భర్త కొత్త చేపల డబ్బాలతో వచ్చి మూల ట్యాంకు ముందు ఆగాడు.

"మొగుడిచేత వేరు కాపురం పెట్టించావేంటి?"

"పిల్లలు దీని దగ్గరికి రావట్లేదని..."

"వచ్చాయిగా. చూడు."

అక్క వంగి చూసింది. తల్లి డిస్కస్ పక్కలు గీరుకుపోయి తెల్లటి మచ్చలు తేలాయి. అది ఫిల్టర్ వెనక దూరితే పిల్లలూ వెనకే దూరాయి. ఒళ్లు విదిలించింది, వెళ్లడానికి ఇంకెవరూ లేరు, మళ్లీ దానికే అంటుకున్నాయి. ఈసారి అది గిరుక్కున తిరిగి పిల్లల మీదికే నోరు తెరిచింది.

"అమ్మో!" అని వల అందుకుంది అక్క.

తండ్రిని తిరిగి వదిలేటప్పుడు, రెండూ కొట్టుకుంటాయేమోనని వల చేతిలోనే ఉంచుకుంది. అవి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాయి. తల్లి ఒళ్లు విదిలించింది. పిల్లలన్నీ తండ్రి మీదికి మారిపోయాయి. తల్లి అటు చూడనైనా చూడకుండా ముందుకొచ్చి, అక్క వేసిన మేత గబగబా మింగింది. పొద్దుటినుంచి అది ఏమీ తినలేదన్న సంగతి అక్కకు అప్పుడు తట్టింది.

ఇల్లు చేరగానే అక్క చంకలోంచే బుడంకాయ పిన్ని వైపు రెండు చేతులూ చాచింది. చెల్లెలు లేచింది కానీ ఎత్తుకోలేదు, అక్క మొహం చూస్తూ నిలబడింది.

"చూస్తావేంటి? తీసుకో. చేతులు పడిపోతున్నాయి నాకు."

"రేపు?"

"రేపు పొద్దున నీ దగ్గరే ఉంచు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనొచ్చి కాసేపు కొట్టుకి తీసుకెళ్తా." వంటింటి గుమ్మం దాటబోతూ ఆగింది. "చేపల సంగతులు మాత్రం నువ్వు చెప్పకు. అవి నేను చెప్తా."

"సరేలే" అంది చెల్లెలు. నవ్వాపుకుందో లేదో తెలియలేదు.

అక్క కంచం ముందు కూలబడింది. ముందు గదిలోంచి ఇద్దరి కిలకిలలు వినిపించాయి. నవ్వితే నవ్వారు, అంతసేపు నవ్వాలా?

"పిన్నీ, నీకు తెలుసా? డిస్కస్ పిల్లలు పెద్ద చేపల ఒంటి మీదే తింటాయి. అమ్మ చెప్పింది."

"అవునా! నాకు తెలీదే!"

గుడ్లు పెట్టిన రోజే ఆ సంగతి చెల్లెలికి చెప్పింది అక్క. ముద్ద చేతిలోనే పట్టుకుని, తర్వాత ఏమనుకుంటారోనని చెవి అటే పెట్టి కూర్చుంది.